అప్పన్న తొడుక్కున్న కోటు

ఎనభైల్లో నేను ఓడల్లో పనిచేసేవారి ఉద్యోగ నిబంధనలు రాసే ఆఫీసులో ఉండేవాణ్ణి. న్యూయార్క్ సమావేశంలో, రేవు చేరిన ప్రతి నావికుడికీ ఒడ్డున తిరిగే హక్కు ఉండాలని ప్రసంగించాను. చప్పట్లు బాగానే పడ్డాయి. భోజనాల వేళ కూడా అయింది మరి.

సాయంత్రం న్యూజెర్సీ రేవులో ఒక సరుకుల ఓడ చూడ్డానికి వెళ్లాను. వంటవాడు అప్పన్నది భీమిలి. నా తెలుగు వినగానే చేపల పులుసుతో అన్నం పెట్టాడు.

"న్యూయార్క్ చూశారా?" అన్నాను.

"సూసినాను బాబూ, వంటగది కిటికీలోంచి. వీసా లేదని దిగనీరు గదా."

"నయమే, కాళ్లనొప్పులు తప్పాయి," అన్నాను. మర్యాదకి నవ్వాడు.

తర్వాత నా కోటు అడిగాడు. "నాన్న అమెరికాలో తిరుగుతున్నాడని మా పాప బడంతా సెప్పీసింది. ఒక్క ఫోటో తియ్యండి బాబూ."

కోటు తొడుక్కుని, ఓడ కనబడకుండా, వెనక మేడలు పడేలా నిలబడ్డాడు. కోటుకి నా సమావేశం బ్యాడ్జీ ఉంది. దానిమీద ఓడ బొమ్మ.

"ఇది తీసీండి బాబూ. ఓడమీదే ఉన్నానని తెలిసిపోతాది."

తీసి జేబులో వేసుకున్నాను. అప్పన్న హాయిగా నవ్వాడు. నా మొహం దాచుకోవడానికి కెమెరా మరీ చిన్నదైపోయింది.