వాగులో ముంచిన బూట్లు

క్లిఫర్డ్ ఆగ్డెన్ ఏటా మే నెలలో సరస్సు చివరి లోయకు వచ్చి, మిసెస్ బర్కెట్ నడిపే బసలో పదిరోజులుంటాడు. పొద్దున్నే గుడ్లూ సాసేజీలూ తిని, మ్యాపు మెడలో తగిలించుకుని, గుమ్మం పక్కనున్న పుస్తకంలో ఆరోజు ఎక్కబోయే కొండ పేరు గుండ్రటి అక్షరాలతో రాస్తాడు. మనిషి పొద్దుగూకేలోగా రాకపోతే ఎక్కడ వెతకాలో తెలియడానికి ఆ పుస్తకం. అతని మోకాళ్లు అరిగిపోయి ఆరేళ్లయింది. అయినా అన్నిటికన్నా ఎత్తైన కొండ పేరే రాసి, మలుపు దాటగానే పడవల షెడ్డు దగ్గర బెంచీ మీద కూర్చుని, వచ్చేపోయే సైకిళ్లవాళ్లను చూస్తుంటాడు. సాయంత్రం బసకు తిరిగొచ్చే ముందు, కొండెక్కి తడిసినట్టు కనబడాలని బూట్లు వాగులో ముంచుతాడు.

ఆ మంగళవారం కొండలను పొగమంచు కమ్మేసింది. షెడ్డులో కునుకు పట్టి క్లిఫర్డ్ బాగా రాత్రయ్యాక లేచాడు. ఈలోగా మిసెస్ బర్కెట్ పుస్తకం చూసి వెతకమని ఊళ్లోవాళ్లకు ఫోన్లు చేసింది. అతను వచ్చేసరికి, ఈనుతున్న గొర్రెలను వదిలేసి వచ్చిన కాపరి జాస్‌తో సహా ఎనిమిదిమంది, మోకాళ్లదాకా నల్లబురదతో అప్పుడే కొండ దిగి గుమ్మం ముందు టీ కప్పులతో నిలబడి ఉన్నారు.

"ఏ దారిన దిగావు పెద్దాయనా? అరిచి అరిచి మా గొంతులు పోయాయి," అన్నాడు జాస్.

క్లిఫర్డ్ తలెత్తలేకపోయాడు. జాస్ చూపు కిందికి జారింది. నీళ్లు కారుతున్న ఆ బూట్లకు మట్టి మరక కూడా లేదు. ఒక్కొక్కరే టీ కప్పు కింద పెట్టి వెళ్లిపోయారు.

మిసెస్ బర్కెట్ బూట్ల కోసం చెయ్యి చాచింది. "ఆరేళ్లుగా వీటిని ఆరబెడుతున్నది నేనే కదా. నాకు తెలీదా?"

"మరి వాళ్లనెందుకు పంపారు?"

"ఇవాళ నిజంగానే ఎక్కేశారేమోనని భయమేసింది."