మాస్టారు ఊదిన దుమ్ము

నిన్న మధ్యాహ్నం గుంటూరులో నేను పనిచేసే సర్వీసు సెంటరుకు మిరపకాయల కోల్డ్ స్టోరేజీ నుంచి ఒక పాత డెస్క్‌టాప్ వచ్చింది. "రెండు ఫైళ్ళు ఒకేసారి తెరిస్తే నిద్రపోతందండీ, కొంచెం మెమరీ పెంచండి" అని తెచ్చిన గుమాస్తా చెప్పి వెళ్ళాడు. పక్క రేకు విప్పగానే ఘాటు ముక్కుకు కొట్టింది. ఫ్యాను రెక్కలకు, వైర్ల సందుల్లో, మెమరీ కార్డు పెట్టే గాడుల్లో అంతా ఎర్రటి పొడి. మాస్కు ఉన్నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవన్నీ మిరప ఘాటుకే వచ్చాయంటే అబద్ధమవుతుంది. పాత కంప్యూటరు విప్పినప్పుడల్లా నాకు కోటేశ్వరరావు మాస్టారు గుర్తొస్తారు. బుగ్గలు పూరించి, తల పక్కకు వంచి, ఆ దుమ్మును నోటితో ఊదుతూ గుర్తొస్తారు.

మాది పర్చూరు దగ్గర మిరప పండించే ఊరు. మిరప రైతు ఇంట్లో పుట్టి మిరపకాయ గాలి పడని పిల్లను నేను. కల్లంలో కాయలు ఎండబోసి ఆడవాళ్ళంతా వరసగా కూర్చుని రంగు చెడిన తాలుకాయలు ఏరుతుంటే, నేను ఆ దరిదాపులకు వెళ్ళినా గొంతులో పిల్లికూతలు మొదలయ్యేవి. మా మేనత్త "ఇది ఏ ఇంటికి పనికొస్తదే వదినా?" అని నా ముందే అనేది. డిగ్రీ అయ్యాక మా అమ్మ నన్ను వెంటబెట్టుకుని పర్చూరు బజారులో మాస్టారి కంప్యూటర్ల షాపుకు పని నేర్చుకోమని తీసుకెళ్ళింది. నేను లోపల విప్పి పడేసిన మానిటర్లను చూస్తుంటే అమ్మ మెట్ల దగ్గర నిలబడి ఆయనతో చాలాసేపు గొంతు తగ్గించి మాట్లాడింది. బస్సు వేళల గురించేమో అనుకున్నాను. షాపులో చేరాక ఆయాసం నన్ను వదిలేసింది. ఆరు నెలలు తిరిగేసరికి నాకు అలాంటి జబ్బు ఒకటి ఉండేదన్న సంగతే మర్చిపోయాను.

మాస్టారు బడిలో పాఠాలు చెప్పే మాస్టారు కాదు. రేడియోలతో మొదలుపెట్టి, టీవీలు బాగుచేసి, చివరికి కంప్యూటర్లకు వచ్చిన మెకానిక్కు. చొక్కా జేబులో ఒక టెస్టరు, పిల్లలు వాడే తెల్ల రబ్బరు ఎప్పుడూ ఉండేవి. నాకు ఆయన నేర్పిన మొదటి పని మెమరీ పెంచడమే.

"ముందు వైరు పీకు. ఇప్పుడు స్టార్ట్ బటన్ ఒకసారి నొక్కు, లోపల మిగిలిన కరెంటు కూడా పోద్ది. ఇనప చట్రాన్ని చేత్తో తాకు. మన ఒంట్లోనూ కరెంటు ఉంటదమ్మాయ్, అది నీకు తెలియదుగానీ కార్డుకి తెలుసు."

పాత కార్డు తీసి, దాని అంచున ఉన్న బంగారు రంగు గీతలను రబ్బరుతో మెల్లగా రుద్దేవారు. కొత్త కార్డు మధ్యలోని గాటు, గాడిలోని మిట్ట కలిశాయో లేదో చూసుకుని రెండు బొటనవేళ్ళతో నొక్కమనేవారు. రెండు చివర్లా క్లిప్పులు టక్కుమంటేనే కూర్చున్నట్టు. "ఇంతకీ మెమరీ పెంచితే ఏమవుద్దండీ?" అని అడిగాను. "మీ కల్లం చిన్నదనుకో. కాయలన్నీ ఒకేసారి పొయ్యలేవు, విడతలుగా ఎండబొయ్యాలి. కాయ అదే, ఎండ అదే, రోజులు మాత్రం ఎక్కువ పడతయ్. అంతమాత్రాన పొలం అమ్మేసి ఇంకో ఊరు పోతామా? పక్కనే నాలుగు గజాలు చదును చేసుకుంటాం" అన్నారు. కొత్త కంప్యూటరు కొనమని ఆయన ఎవరికీ చెప్పగా నేను వినలేదు.

ఒకసారి జాతకాలు రాసే శాస్త్రిగారి ఇంటికి వెళ్ళాం. ఒక జాతకం తెరిచి ఉండగా ఇంకోటి తెరిస్తే ఆయన కంప్యూటరు బిగుసుకుపోయేది. మేము వెళ్ళేసరికి రాహుకాలం. "విప్పితే విప్పండి గానీ నేను చెప్పేదాకా స్విచ్చి వెయ్యకండి" అన్నారు శాస్త్రిగారు. నేను నవ్వు ఆపుకోలేక గోడవైపు తిరిగాను. మాస్టారు మాత్రం చేతులు కట్టుకుని "అట్టాగేనండీ" అని, నా వైపు చూసి "ఇవాళ మొత్తం నువ్వే చెయ్యి" అన్నారు. కడిగిన గచ్చు, సాంబ్రాణి వాసన, గుడ్డ కప్పి ఉంచిన కంప్యూటరు. విప్పడం దగ్గర నుంచి మూయడం దాకా అంతా నేనే చేశాను. రాహుకాలం అయ్యేదాకా ముగ్గురం కాఫీ తాగుతూ కూర్చున్నాం. స్విచ్చి వేయగానే రెండు జాతకాలు పక్కపక్కన తెరుచుకున్నాయి. "అమ్మాయి చెయ్యి మంచిది" అన్నారు శాస్త్రిగారు. మాస్టారి మొహం వెలిగిపోయింది.

అలాంటి మనిషి మార్టూరు వెళితే మారిపోయేవారు. అక్కడి గ్రానైటు పాలిషింగు యూనిట్ల ఆఫీసుల్లో కంప్యూటర్ల మీద తెల్లటి పిండి అంగుళం మందాన ఉండేది. స్కూటరు ఆపగానే "నువ్వెళ్ళి టీ చెప్పి రామ్మా, తొందరేం లేదు" అనేవారు. నేను తిరిగొచ్చేసరికి రేకు విప్పి, దుమ్మంతా ఊదేసి, కనుబొమ్మలు నెరిసిన ముసలాయనలా బయటికొచ్చి దగ్గుతూ నిలబడేవారు. తర్వాత నన్ను లోపలికి పిలిచి కార్డు చేతిలో పెట్టేవారు. పిడుగురాళ్ళలో సున్నం బట్టీల దగ్గరా అంతే, పత్తి జిన్నింగు మిల్లుల్లోనూ అంతే. కనీసం మొహానికి తువ్వాలు చుట్టుకోమంటే "చుట్టుకుంటే ఊదేదెట్టాగే?" అని నవ్వేవారు. బ్లోయరు కొందామంటే అది దుమ్మును ఇంకో మూలకు తోస్తుందని, ఎంత గాలి కావాలో నోటికే తెలుస్తుందని వాదించేవారు. మొండితనంలో ఆయనకు ఆయనే సాటి.

ఒకరోజు మార్టూరులో ఒక యూనిట్ మేనేజరు అందరి ముందూ "ఏంది మాస్టారూ, ఈ అమ్మాయిని టీలు చెప్పటానికి పెట్టుకున్నారా?" అని నవ్వాడు. మాస్టారు వంచిన తల ఎత్తకుండా స్క్రూలు బిగించుకున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. బయటికి వచ్చాక స్కూటరు దగ్గర నిలదీశాను.

"నన్నెందుకు బయటికి పంపిస్తారండీ? ఆడపిల్లకి విప్పడం రాదనా?"

"అది కాదమ్మా."

"మరేంది? శాస్త్రిగారింట్లో నేను చేయలేదా?"

ఆయన ఏదో చెప్పబోయి దగ్గు తెరలో ఆగిపోయారు. తేరుకున్నాక "ఎండెక్కింది, ఎక్కు, పోదాం" అన్నారంతే. ఆ దగ్గు కూడా నాకు తప్పించుకోవడానికి వేసిన ఎత్తులానే కనబడింది. "మీ దగ్గరుంటే నా చేతికి ఎప్పటికీ పనివ్వరు" అనేసి బస్సెక్కాను. ఆ నెలలోనే గుంటూరులో, మాస్కు లేనిదే రేకు విప్పనివ్వని సర్వీసు సెంటరులో ఉద్యోగం చూసుకున్నాను. వెళ్ళేముందు చెప్పి వెళ్ళే మర్యాద కూడా చూపలేదు. అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. రోషం తప్ప ఇంకేమీ లేని వయసు.

ఎనిమిదేళ్ళ తర్వాత మాస్టారి భార్య సుబ్బులు పిన్ని ఫోన్ చేసింది. షాపు మూసేశారట. మంచం దగ్గరే ఆక్సిజన్ మిషనట. "పొద్దస్తమానం ఆ పాత కంప్యూటరు ముందే కూర్చుంటాడమ్మా. అది కదలదు, ఈయన చిరాకు పడతాడు. వేరేవాళ్ళని ముట్టుకోనివ్వడు. నువ్వొకసారి రాగలవా?" అంది. దాని మోడలు అడిగి, సరిపోయే మెమరీ కార్డు వెతికి పట్టుకుని, మరునాడే వెళ్ళాను. దారిపొడుగునా ఏమనాలో కూడబలుక్కున్నాను.

ఆయన సగానికి సగం అయిపోయారు. ముక్కులో గొట్టం. నన్ను చూసి చెయ్యెత్తి కూర్చోమన్నారు. నేను స్క్రూడ్రైవరు తీసి రేకు మీద పెట్టగానే ఆ చేతితోనే ఆపారు.

"ఆగమ్మా. చాన్నాళ్ళయింది విప్పి... మీ పిన్ని తుడుస్తది. నువ్వు బయట కూర్చో."

ఈసారి వాదించలేదు. వసారాలో కూర్చున్నాను. కాసేపటికి పిన్ని తడిగుడ్డతో బయటికి వచ్చింది.

"ఏమీ అనుకోమాకమ్మా. నీకు దుమ్ము తగలకూడదని ఈయనకో పిచ్చి. మీ అమ్మ మొదటి రోజే చెప్పిందట, పిల్లకి దుమ్ము పడితే ఊపిరాడదు, గుర్తుచేస్తే భయపడుద్ది, చెప్పొద్దని. రోజూ ఇంటికొచ్చి నాతో అనేవాడు, ఇవాళ పిల్లని దుమ్ములోకి రానివ్వలేదే అని. అదేదో ఘనకార్యం చేసినట్టు."

"మరి ఆయనకి..." అన్నాను.

"ఊపిరితిత్తుల నిండా దుమ్మేనంట. మార్టూరు రాయిదో, సున్నందో, పత్తిదో, ఏదని చెప్తారు?" అని పిన్ని గుడ్డ పిండింది.

నాకు ఆయాసం దానంతటదే పోయిందనుకున్నాను. అది పోలేదు. నా దాకా రాకుండా ఒక మనిషి గుమ్మంలో అడ్డం నిలబడ్డాడు. నిలబడ్డందుకు నా చేత మాటలు కూడా పడ్డాడు. పంపు దగ్గర మొహం కడుక్కుని లోపలికి వెళ్ళాను. చట్రాన్ని తాకాను, గాటు చూసుకున్నాను, నొక్కాను. స్విచ్చి వేస్తే తెర వెలిగింది. ఆయన మౌస్ పట్టుకుని ఒక ఫైలు తెరిచారు, దాని పక్కన ఇంకోటి తెరిచారు. రెండూ తెరుచుకున్నాయి. వాటిని చూసి, నా వైపు తిరిగారు.

"గుంటూరులో... నీ చేతికి... పనిస్తున్నారా అమ్మా?"

మూడు విడతలుగా ఊపిరి కూడగట్టుకుని ఆ మాట అడిగారు. ఎనిమిదేళ్ళుగా ఆ మాట ఆయన లోపలే ఉందన్నమాట. కూడబలుక్కున్న మాటలు వదిలేసి, నేను స్క్రూడ్రైవరు సంచిలో సర్దుకున్నాను.

"ఇస్తున్నారండీ" అన్నాను. ఆ వెంటనే "ఇంక హ్యాంగవదండీ, రెండూ ఒకేసారి తెరుచుకోవచ్చు" అన్నాను. ఆయన తలూపారు. నేను బస్సుకు వేళైందని వచ్చేశాను. మళ్ళీ ఆదివారం వచ్చి తీరిగ్గా మాట్లాడదాం అనుకున్నాను. ఆదివారం రాకముందే పిన్ని దగ్గర నుంచి కబురు వచ్చింది.

నా తప్పు ఒప్పుకోవడానికి ఒక్క ముక్క చాలు. పొరపడ్డానండీ, క్షమించండి అంటే సరిపోయేది. ఆయన కాపాడి ఇచ్చిన ఊపిరితో పొద్దున్నుంచి సాయంత్రం దాకా వచ్చేపోయేవాళ్ళతో గలగలా మాట్లాడుతూనే ఉంటాను. ఆ ఒక్క ముక్క వినవలసిన మనిషి మాత్రం లేడు.