బోణీకి వచ్చిన స్టీలు డబ్బా

దెయ్యాల్ని నేను నమ్మను. మా దీవిలో అబర్డీన్ బజార్లో మా నాన్నది కిరాణా కొట్టు. వాసన చూసి, తూకం చూసి, బేరమాడనిదే చింతపండు కూడా కొనని ఇల్లు మాది. అలాంటివాణ్ణి ఆసుపత్రి ల్యాబులో చేరాను. బేరమాడడానికి నాకు మిగిలినవి మలం శాంపిళ్లే.

విరేచనాలతో వచ్చినవాళ్ల శాంపిళ్లలో పురుగుల గుడ్లు, అమీబాలు ఉన్నాయేమోనని మైక్రోస్కోపు కింద వెతకడం నా పని. అమీబాతో ఒక చిక్కుంది. వెచ్చగా ఉన్నంతసేపే కదులుతుంది. చల్లారితే మిగతా కణాల్లో కలిసిపోయి దొరకదు. మా వార్డు నుంచి ల్యాబుకు వచ్చేసరికి ప్రతి శాంపిలూ చల్లారిపోయేది.

ఆ వారం హోప్ టౌన్ నుంచి అప్పలరాజు అనే జాలరి రక్త విరేచనాలతో చేరాడు. అతనివన్నీ చల్లారాకే వచ్చాయి. అన్నిటికీ ఏమీ లేదనే రాశాను. డాక్టరు అది పేగు వాపు జబ్బు అనుకుని, మర్నాడు పొద్దున స్టిరాయిడ్ ఇంజెక్షన్ మొదలుపెడతానన్నాడు. లోపల అమీబా ఉంటే ఆ మందుతో పేగుకు చిల్లు పడి మనిషి పోవచ్చు. నాకది తెలుసు. కానీ కనపడనిదాన్ని ఉందని ఎలా రాయను?

పొద్దున ల్యాబు తాళం తీస్తుంటే ఒక ముసలావిడ వెనక నిలబడి ఉంది. చేతిలో తడిగుడ్డ చుట్టిన స్టీలు డబ్బా.

"అప్పలరాజుది. కిటికీ పక్క మంచం. జల్దీ చూడు భయ్యా, చల్లారిపోతాది."

"ఇంకా కౌంటరు తెరవలేదమ్మా. కాసేపాగి రా."

"బోణీ బేరం పొమ్మంటావేటి?"

నా చెయ్యి దానంతటదే ముందుకు సాగింది. మొదట వచ్చిన మనిషిని తిప్పి పంపడం మా కొట్లో మహాపాపం. నువ్వెవరని కూడా అడగలేదు.

డబ్బా వేణ్ణీళ్లలోంచి తీసినట్టు వెచ్చగా ఉంది. సెలైన్ చుక్కలో కలిపి చూశాను. అమీబాలు. మింగిన రక్తకణాలతో, ఒళ్లు సాచుకుంటూ పాకుతున్నాయి. తలెత్తేసరికి ఆవిడ లేదు.

వార్డుకు ఫోన్ చేసి ఇంజెక్షన్ ఆపమన్నాను.

"అరే భయ్యా, ఎవరిది చూశారు?" అంది సిస్టర్. "అతనికి రాత్రి నుంచి విరేచనమే కాలేదు."

అతనిది వెచ్చగా ఉండగానే చూడాలని మైక్రోస్కోపు మోసుకుని వార్డుకే వెళ్లాను. డాక్టరు నన్నొకసారి, దాన్నొకసారి చూసి, ఇంజెక్షన్ పక్కన పెట్టించాడు. మధ్యాహ్నం లోపే అప్పలరాజుకి విరేచనమైంది. మంచం పక్కనే చూశాను. అవే. మందు మారింది. కొన్నాళ్లకు అతను నడిచి ఇంటికెళ్లాడు.

అతని భార్య నూకాలమ్మకి డబ్బా చూపించాను.

"ముసలోళ్లు మాకెవులూ లేరు భయ్యా. రాత్రంతా నానే ఉన్నాను. ఇది మాది కాదు."

"పోనీ, మీరే తీసుకెళ్లండి."

ఆవిడ అడుగు వెనక్కి వేసింది.

వేరే రోగిది మారి వచ్చిందేమోనని ఆ వార్డులో అందరివీ వెచ్చగా తెప్పించి చూశాను. ఎవరిలోనూ అమీబా లేదు. పైగా నేను కొట్టువాడి కొడుకునని ఆసుపత్రిలో ఎవరికీ చెప్పుకోలేదు, పరువు పోతుందని. మరి ఆవిడ బోణీ మాట ఎలా ఎత్తింది?

తోచిన ప్రతి కారణంతోనూ బేరమాడాను. ఏదీ తెగలేదు. డబ్బా అలమరలో ఉంది. ఇప్పుడు శాంపిళ్లన్నీ వేణ్ణీళ్ల గుడ్డ చుట్టించి తెప్పిస్తున్నాను. పొద్దున తాళం తీసేముందు మాత్రం ఒకసారి వెనక్కి చూస్తాను. ఎవరూ ఉండరు. ఉంటే ఏమడగాలో కూడా నాకు తెలియదు.