అందరికీ ఒకటే జవాబు చెప్పని నకిలీ సర్వర్

ఊరూరా తిరిగే ఆరోగ్య కార్యకర్తలు ఏ ఆసుపత్రిలో ఏ మందుందో ఫోన్లో చూసుకునే యాప్ మా కంపెనీ తయారు చేస్తోంది. దాన్ని పరీక్షించే ప్రోగ్రాములు రాయడం నా పని. అడవి అంచున ఉన్న కోంటాలో, మా దుకాణం వెనక గదిలో కూర్చుని రాస్తాను. నా పరీక్షలు ప్రతిసారీ హైదరాబాద్‌లోని అసలు సర్వర్ని అడగాలి. ఇక్కడ కాస్త గాలి వీస్తే చాలు, సిగ్నల్ పోతుంది. యాప్‌లో తప్పు లేకపోయినా, పరీక్ష తప్పిందంటూ నా తెర నిండా ఎరుపే.

మా పెద్దసారు ఫోన్ చేశారు. "నెలాఖరులోగా హైదరాబాద్ వచ్చెయ్. లేదంటే పని ఇంకొకరికిస్తాం. ఆ అడవిలో సాఫ్ట్‌వేర్ ఏంటమ్మా?"

ఒళ్ళు మండింది. వెళ్ళేది లేదనుకున్నాను. అసలు సర్వర్ బదులు నా లాప్‌టాప్‌లోనే ఒక నకిలీ సర్వర్ పెట్టాను. ఏమడిగినా "మందు ఉంది" అంటుంది. తెరంతా పచ్చబడింది. గొప్పలు పోతూ అమ్మకు చూపించాను. అమ్మ చింతపండు తూకం ఆపి చూసింది.

"ఎవలేమడిగినా ఉందనే అంటదా?"

"ఆ."

"అట్లయితే అదేం దుకాణమే? అడిగినోళ్ళను సూడకుంట జవాబేంది?"

అమ్మ పద్ధతి నాకు తెలియనిదా? ఉప్పు అయిపోతే పక్కవీధి వాళ్ళకు "రేపు రా" అంటుంది. భేజ్జి నుంచి అడవిలో అంతదూరం నడిచి వచ్చినవాళ్ళకు ఆ మాట చచ్చినా అనదు. వాళ్ళ దోర్లీ భాషలోనే కూర్చోమని చెప్పి, పక్క దుకాణం నుంచి తెప్పించి ఇస్తుంది.

నకిలీ సర్వర్ని మళ్ళీ రాశాను. ఇప్పుడది ఏ ఆసుపత్రి, ఏ మందు అని ప్రశ్న చదివి, అప్పటికప్పుడు జవాబు తయారు చేస్తుంది. ఒకచోట ఉందంటుంది, ఒకచోట లేదంటుంది, ఒక్కోసారి ఆలస్యం చేస్తుంది. మా నెట్‌వర్క్ చేసే పని కూడా నేర్పాను: సగం జవాబిచ్చి తెగిపోవడం. అక్కడే యాప్ దొరికిపోయింది. జవాబు సగంలో తెగితే, అంతకుముందు అడిగిన ఆసుపత్రి జవాబే మళ్ళీ చూపిస్తోంది. పాముకాటు మందు లేనిచోట ఉందంటోంది. నాకు భయమేసింది.

వెంటనే పెద్దసారుకు పంపాను. ఆయన ఫోన్ చేసి కొట్టిపారేశారు. "సగం జవాబు ఎక్కడన్నా వస్తుందా? అది నువ్వు కల్పించింది. ఆ టెస్టు తీసెయ్."

"తియ్యను సార్. మీ దగ్గర రాదు. ఇక్కడ రోజూ వస్తది. ఈ యాప్ వాడేది ఇక్కడోళ్ళే. నన్ను తీసెయ్యండి, టెస్టు మాత్రం ఉంచండి."

 

"సరే, టెస్టు ఉండనీ. మరి హైదరాబాద్ సంగతి?" అన్నారు.

"రాను సార్. నేనొచ్చి అక్కడ కూసుంటే ఈ తప్పు ఎవరికి కనపడ్తది?"

సాయంత్రానికి మెయిల్ వచ్చింది. తప్పు సరిచేస్తున్నామనీ, ఇలాంటివి ఇంకేమున్నాయో వెతకమనీ రాశారు. ఎక్కడ కూర్చుని వెతకాలో మాత్రం రాయలేదు.