మా మేడమ్ వదలని రెండో దారి

మా మేడమ్ పోయారన్న కబురు నా రెండో ఫోనుకు వచ్చింది. మొదటిది కోల్డ్ స్టోరేజీ లోపల సిగ్నల్ లేక మూగపోయి ఉంది. వేరే కంపెనీ సిమ్ముతో ఇంకో ఫోను పెట్టుకోమని నా ప్రాణం తీసింది ఆవిడే. గుండెపోటట. వాళ్ళ చెల్లెలు చెబుతుంటే మిర్చి బస్తాల మధ్యే కూలబడి ఏడ్చాను.

పోయినవాళ్ళను శాంతమూర్తులని రాస్తుంటారు. నేను రాయను. మా మేడమ్ గయ్యాళి. గుంటూరు చుట్టుపక్కల రైతులు మా దగ్గర దాచుకున్న మిర్చి ఎవరిది, ఏ గదిలో ఉంది అన్న వివరమంతా మా కంప్యూటర్ గదిలో డిస్కుల బీరువాలో ఉంటుంది. దానికి కాపలా ఆవిడ, ఆవిడ చేతికింద నేను.

పక్క గదిలో బిల్లులు నడిపే సర్వరు ఆ డిస్కుల దగ్గరికి వెళ్ళడానికి రెండు దారులు. ఈ చివర సర్వరులో రెండు కార్డులు, మధ్యలో కేబుళ్ళను కలిపే రెండు స్విచ్చు పెట్టెలు, ఆ చివర డిస్కులను నడిపే రెండు కంట్రోలర్లు. ఒక దారికి ఇంకోదానితో ఏ పొత్తూ ఉండకూడదు. రెండూ పని మోస్తుంటాయి. ఒకటి తెగితే మొత్తం బరువు రెండోది ఎత్తుకుంటుంది, కౌంటర్లో బిల్లు కొట్టేవాళ్ళకు తెలియను కూడా తెలియదు. ఆవిడ రాకపోకలూ అంతే. ప్రత్తిపాడు నుంచి వచ్చేటప్పుడు పెద్ద రోడ్డు మీద లారీలు అడ్డంపడితే ఊళ్ళమీదుగా స్కూటీ తిప్పుకుని వేళకు దిగేవారు.

ఒకసారి మా ఎలక్ట్రీషియన్, చూడ్డానికి నీటుగా ఉంటుందని, రెండు కేబుళ్ళనూ కలిపి కట్టి గోడ కంతలో ఒకే పైపులోంచి లాగాడు. మేమంతా మెచ్చుకున్నాం కూడా. ఎలుక ఆ పైపులో దూరి రెండూ కొరికేసింది. డిస్కులు నిక్షేపంగా ఉన్నాయి, వాటిని చేరే దారే లేదు. సరుకు తీసుకెళ్ళడానికొచ్చిన రైతులు గేటు దగ్గర మండుటెండలో నిలబడిపోయారు. మేడమ్ మమ్మల్ని ఉతికి ఆరేశారు.

“ఒకే కంతలోంచి పోయేవి రెండు దారులు ఎట్టా అవుతాయర్రా?”

ఆ వారంలోనే ఎదుటి గోడకు ఇంకో కంత కొట్టించారు.

అప్పట్నుంచి ఆయుధపూజ నాడు మాకో ఆచారం. మేడమ్ తన చేత్తో స్విచ్చులకు కుంకుమ బొట్లు పెట్టి, గుమ్మంలో కొబ్బరికాయ కొట్టించి, పని నడుస్తుండగానే ఒక కేబులు పీకేసేవారు. పండగపూట ఇదేం పనని మా యజమాని లబలబలాడేవారు. పోయేదేదో అందరం ఉండగా పోతే మంచిదే కదండీ అని నవ్వేవారావిడ.

ఒక స్విచ్చు తీసి వినుకొండ బ్రాంచికి పంపమని ఆయన ఏటా అడిగేవారు. ఒకటి నడుస్తుంటే రెండోది దండగని ఆయన వాదన. నేనున్నంత కాలం కుదరదని ఆవిడ జవాబు.

పెద్దకర్మ అయిన మర్నాడే ఆయన కంప్యూటర్ గదిలోకి వచ్చి స్విచ్చు ఊడదీయమన్నారు. ఆవిడ లేరుగా ఇక, అని కూడా అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఆవిడ లేకపోతే నేను లేనా? ముందు ఒక కేబులు మీరే పీకండి సార్ అన్నాను. పీకారు. దాని దీపం ఆరిపోయింది. బయట బిల్లుల చప్పుడు ఆగలేదు. చూశావా, ఒకటి చాలుగా అన్నారాయన.

నేను మిగిలిన కేబులు మీద చెయ్యి వేశాను.

“ఇప్పుడు మనం ఒక్కదాని మీదే ఉన్నామండీ. మీరడిగేది ఇదే. రేపు ఎలుక చేసే పని ఇవాళ నేను చేస్తా. గేటు దగ్గర రైతులకు మాత్రం మీరే వెళ్ళి చెప్పండి.”

ఆయన కిటికీలోంచి గేటు వైపు చూశారు. సీజను కదా, ట్రాక్టర్లు రోడ్డు దాకా ఉన్నాయి. నేను చెయ్యి తియ్యలేదు. ఉద్యోగం పోతే పోనీ అనుకున్నాను.

చివరికి ఆయనే వంగి కేబులు మళ్ళీ గుచ్చారు. వినుకొండకు కొత్తది కొందాంలే అని గొణుక్కుంటూ వెళ్ళిపోయారు.

ఆరిన దీపం పచ్చగా వెలిగింది. దాని పక్కనే, పోయిన దసరాకు మేడమ్ పెట్టిన కుంకుమ బొట్టు ఇంకా చెదరలేదు.