తుడిచిన గాజు పలక

మార్కాపురం పలకల కార్ఖానాలో పిచ్చమ్మ చేతిలోంచి రాకుండా ఒక్క పలకా పెట్టెకెక్కేది కాదు. నోటి ఆవిరి ఊదడం, బట్టతో ఒక్క తుడుపు, వెలుతురుకు పెట్టి చూడడం. వేలిముద్ర ఉన్న పలకను తోడబుట్టినవాడు అడిగినా ఇవ్వదు. చేతికి నోరేమీ తీసిపోదు. మేస్త్రీలు కూడా ఆమెతో పెట్టుకునేవారు కాదు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటేడు ఆ నోరు మూతపడింది. కుడి చనుమొన నుంచి నెత్తురు చుక్కలు రావడం మొదలైంది. నొప్పి లేదు. రవిక మీద మరక మాత్రం పడుతోంది. పిచ్చమ్మకు నలభై దాటాయి. సరిగ్గా ఆ వయసులోనే వాళ్లమ్మ రొమ్ములో రాచపుండు, అంటే క్యాన్సర్, వచ్చి చనిపోయింది. తనకూ అదేనని పిచ్చమ్మ తీర్మానించేసుకుని, ఎవరికీ చెప్పకుండా నెలలు నెట్టుకొచ్చింది. చివరికి మరకలు చూసిన మొగుడు నాగులు పలకరాతి గనిలో ఆ రోజు పని మానుకుని ఆమెను ఆడవాళ్ల ఆసుపత్రికి లాక్కుపోయాడు.

డాక్టరు ఇందిరమ్మ నెమ్మదిగా తడిమి చూసింది.

"గడ్డేమీ తగలడం లేదు. అయినా లోపల ఏముందో ఊహించి చెప్పను. ఆ చుక్కను గాజు పలక మీద తీసి మద్రాసుకు పంపుతాం. అక్కడ రంగు వేసి మైక్రోస్కోపు కింద చూస్తారు. రాచపుండు కణాలుంటే కనబడవచ్చు."

నర్సు విశ్వాసమ్మ చనుమొన చుట్టూ మెల్లగా ఒత్తితే ఒక చుక్క ఊరింది. దాన్ని గాజు పలకకు అంటించి, ఇంకో పలకతో పలచగా పరిచింది. ఆరకముందే స్పిరిట్ సీసాలో వెయ్యాలి. ఆ సీసా మూత కాస్తా బిగుసుకుపోయింది.

"ఈ పలక రోంత పట్టుకో పిచ్చమ్మక్కా," అంది.

పలక చేతికొచ్చింది. దాని మీద మరక ఉంది. ఇంకేం, ఆ చెయ్యి ఊరుకుంటుందా? పిచ్చమ్మ ఆవిరి ఊది, పైట చెంగుతో రెండు వైపులా తుడిచి, కిటికీ వెలుతురుకు పెట్టి చూసి, తళతళలాడే పలకను నర్సుకు తిరిగిచ్చింది.

"ఏం చేసినావక్కా? మద్రాసుకు పోవాల్సింది అదే గదా," అంది విశ్వాసమ్మ నెత్తి పట్టుకుని.

"ఏంది, మరకతోనా పంపేది?" అంది పిచ్చమ్మ.

ఇందిరమ్మ నవ్వు ఆపుకోలేక కుర్చీలో కూలబడింది. సంగతి తెలిశాక పిచ్చమ్మకూ నవ్వొచ్చింది, ఎన్నాళ్లకో. అయితే ఎంత ఒత్తినా ఆ రోజు ఇంకో చుక్క రాలేదు. మరో రోజు మళ్లీ రావలసి వచ్చింది. ఈసారి పలక సీసాలో పడేదాకా చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది.

జవాబు వచ్చేదాకా ఆమెకు అన్నం సయించలేదు.

"చెడ్డ కణాలేమీ కనబడలేదు," అంది ఇందిరమ్మ.

పిచ్చమ్మ నమ్మితే గదా. "దోవలో ఎవరన్నా తుడిచినారేమో కనుక్కో తల్లీ."

"ఎవరూ తుడవలేదు. కణాలున్నాయి, మంచివే. పాలు వచ్చే నాళంలో పులిపిరి లాంటిదేదో ఉన్నట్టుంది. తీసేసి దాన్నీ పరీక్షకు పంపుతాను. అప్పుడు ఏ అనుమానమూ ఉండదు."

కోత చిన్నదే. తీసిన ముక్కలోనూ రాచపుండు లేదని తేలింది. ఆ మాట చెప్పిన రోజు పిచ్చమ్మ వరండాలోకి వచ్చి నాగులు పక్కన చతికిలబడింది. గుండెల మీది బరువు దిగిపోయి ఒళ్లంతా తేలికైంది.

"మా అమ్మ ముసలిదై ఉంటే ఎట్ల ఉండేదో ఇంక నన్ను చూస్తే తెలుస్తాదయ్యా," అంది.

నాగులు తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"పళ్లూడినాక గూడా నన్ను తిడుదువు గానీ, పద," అన్నాడు.