రిజిస్టరులో మొదటి సంతకం

మా ఊరు మేడ్చల్‌కూ శామీర్‌పేటకూ నడుమ ఉంటుంది. మా తాత ఊరికి మాలీ పటేల్, శిస్తు వసూలంతా ఆయన చేతి మీదే. నాకు మిగిలింది ముప్పై గుంటల మెట్ట చెలక, అందులో ఒక మూలకు అమ్మ, బాపుల సమాధులు. చుట్టూ ఉన్న భూమిని మేమే ముక్కలుగా అమ్ముకున్నాం. అది చేతులు మారి చివరికి ఒక కంపెనీకి వెళ్లింది. అక్కడ ఫ్లాట్లు, మాల్, ఆఫీసులు, ఆసుపత్రి అన్నీ ఒకేచోట కడతారట. ఆ ప్లాను మీద అభ్యంతరాలు వినడానికి ఊరి ఫంక్షన్ హాలులో ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు.

గోడకు పెద్ద మ్యాపు కట్టారు. జనం దాని మీద పడి వేళ్లతో తమ సర్వే నంబర్లు వెతుక్కుంటున్నారు. గుండ్లపోచంపల్లి వైపు కాలనీలో ఇల్లు కొనుక్కున్న కోస్తా ఉద్యోగి ఒకాయన నాకు చెయ్యి ఊపాడు.

"మీది ఎక్కడండీ? ఇలా రండి, చూద్దాం. రోడ్డు ఎటు పోతుందో ఏమో!"

"మా భూమి ఏడున్నదో ఊరందరికి ఎరికే" అన్నాను.

నలుగురి మధ్య వంగి నా జాగా నేనే వెతుక్కోవడం నామోషీ అనిపించింది. మ్యాపు పది అడుగుల దూరంలో ఉంది. లేవలేదు.

ఇంతలో హాజరు రిజిస్టరు వచ్చింది. ఏ సభలోనైనా మా ఇంటివాళ్లు వచ్చేదాకా మొదటి గీత ఖాళీగా వదలడం మా ఊరి ఆనవాయితీ. ఆ రోజూ వదిలారు. మా తాతలాగే పొడుగ్గా రాసి, కింద రెండు గీతలు గీసి సంతకం పెట్టాను. కంపెనీ మనిషి నన్ను వేదిక ఎక్కించి శాలువా కప్పి, రెండు మాటలు చెప్పమన్నాడు. శాలువా కప్పినవాళ్లను అదే వేదిక మీద తప్పుపట్టడం మా ఇంట్లో లేదు.

"ఊరు బాగుపడాలె. మంచి పనికి మా ఇంటి దీవెన ఉంటది."

చప్పట్లు కొట్టారు. అవి నాకోసం మోగి చాలా ఏళ్లయింది.

మర్నాడు ఆ ఉద్యోగి మ్యాపు ఫొటో ఫోన్లో తెచ్చి చూపించాడు. మాల్‌కు వెళ్లే వంద అడుగుల రోడ్డు సరిగ్గా మా చెలక మీదుగా, సమాధుల మీదుగా పోతోంది. నా భార్య ఫోను అందుకుని చూసింది.

"శాలువ మంచిగనే ఉన్నది. కొంటవోయి అత్తమ్మ సమాధి మీద కప్పి రాండ్రి. పొక్లెయిన్ వచ్చేదాక సల్లగ పండుకుంటది."

మా బాపు ఎన్నడూ దరఖాస్తు పట్టుకుని ఎవరి ముందూ నిలబడలేదు. నేను అభ్యంతరం రాసుకుని ప్లాను ఆఫీసు వరుసలో రెండు గంటలు నిలబడ్డాను. గుమస్తా తల కూడా ఎత్తలేదు.

"మీరే దీవిస్తిరి గద పటేలా! ఊరి పెద్ద సమ్మతి తెలిపిండని రాసుకున్నరు. ఇగ గడువు గూడ అయిపోయె."

"దండం పెడ్త. ఏదన్న తొవ్వ చెప్పు."

ఆ మాట నా నోటి నుంచి రావడం అదే మొదటిసారి. అతను తలెత్తాడు, గొంతు తగ్గించాడు.

"ఒక్కటే ఉన్నది. సదువు రాదు, ప్లాను సమజ్ కాలే అని రాసియ్యుండ్రి. సదువు రానోళ్లది ఇనాలె సార్లు. ఏలిముద్ర ఎయ్యాలె మల్ల, సంతకం గాదు."

నేను సికింద్రాబాద్‌లో బీకాం చదివాను. అయినా బయట జిరాక్స్ షాపులో ఆ కాగితం రాయించాను.

"ఎవరికే అన్నా, మీ నాయినకా?" అని అడిగాడు షాపతను.

"నాకే."

మా తాత అరుగు మీద కూర్చుని ఊరందరి వేలిముద్రలు వేయించాడు. నాకు వేలు ఎట్లా తిప్పాలో తెలియలేదు. షాపతనే నా బొటనవేలు పట్టుకుని అద్దాడు.

మూడో రోజు ప్లాను పరిశీలించే అధికారిణి నన్ను పిలిచింది. కాగితం చదివి కుర్చీ చూపించింది.

"కూర్చోండి పెద్దాయనా. మీకు చదివి వినిపించాల్సింది. రోడ్డు పక్కకు జరపడానికి వీలుందేమో చూస్తాను."

 కూర్చున్నాను. కాగితం మీద వేయడానికి నా హాజరు నంబరు కావాలని ఆమె రిజిస్టరు తెప్పించింది. మొదటి పేజీ తెరిచింది. ఎక్కువ వెతకనక్కరలేకపోయింది.

సంతకం చూసింది. ఇంకా సిరా పోని నా వేలు చూసింది.

"ఇది మీదేనా?"

కాదంటే సరిపోయేది. ఎవరో పెట్టారంటే ఆమె నమ్మేది. నమ్మాలనే చూస్తోందని కూడా నాకు తెలుస్తోంది. కింద రెండు గీతలు. మా తాత గీతలు.

"నాదే మేడమ్" అన్నాను.

ఆమె కాగితం మడిచి నా వైపు జరిపింది. బల్ల అద్దం కింద ఆ మ్యాపే ఉంది. అప్పుడు వంగాను. వేలితో వెతికాను. మా సర్వే నంబరు రోడ్డు రంగు కింద సన్నగా కనిపించింది.

"సమాధులు ఏడికి తీసుకపోవాలె మేడమ్?"

"అది మా సెక్షన్ కాదండీ" అంది మెల్లగా.

ఇంటికి వచ్చాక నా భార్య ముందు నా వేలే చూసింది. సబ్బు, చెంబు నీళ్లు తెచ్చి నా వేలు రుద్దింది. సిరా పోలేదు.